యుద్ధ విమానం నడిపిన ఆడపిల్లలు

యుద్ధ విమానాన్ని ఆడవాళ్లు నడపగలరా?

ఎందుకు నడపలేరు? 2016 జూన్‌లో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశంలో మొదటి మహిళా యుద్ధ పైలట్లు అయ్యారు. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో శిక్షణ ముగించి వాయుసేనలో చేరారు.

పక్కన ఎవరైనా ఉంటారా?

కొన్ని విమానాల్లో ఇద్దరు కూర్చోవచ్చు. కొన్నింటిలో ఒక్కరే. 2018లో అవని మిగ్-21 విమానాన్ని ఒంటరిగా నడిపారు.

అందులో కష్టం ఏమిటి?

విమానం వేగంగా మలుపు తిరిగితే తలలోని రక్తం కిందికి దిగుతుంది. కళ్లు చీకట్లు కమ్ముతాయి. స్పృహ తప్పితే ప్రాణానికే ముప్పు. అందుకే పైలట్లు ప్రత్యేకమైన దుస్తులు వేసుకుంటారు. అవి గాలితో ఉబ్బి కాళ్లను, పొట్టను గట్టిగా నొక్కుతాయి. రక్తం దిగకుండా ఆపుతాయి.

అక్కలారా! మీ అమ్మాయి "నేనూ విమానం నడుపుతా" అంటే నవ్వకండి. బడి మాన్పించకండి.