దిగులంతా విశ్వాస లోపం కాదు

కాన్పయి ఐదు నెలలైన కోడలు రోజంతా మంచానికే అంటిపెట్టుకుని ఉంటుంది. పలకరిస్తే కన్నీళ్లు. జుట్టు రాలుతోంది, ఒళ్లు బరువెక్కింది, ఒకప్పుడు వేళ తప్పని ఫజ్ర్ నమాజు ఇప్పుడు తప్పిపోతోంది. అత్తగారు బద్ధకమంటారు. ఇరుగుపొరుగువారు నజర్ తగిలిందంటారు. మరొకరు జిన్ను సోకిందని తావీజు కట్టించడానికి తీసుకువెళతారు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు మొదలుకొని తిరుపతి వరకు మన ఇళ్లలో ఈ దృశ్యం కొత్తది కాదు. ఒక చిన్న రక్తపరీక్ష సంగతి మాత్రం అందరికీ చివరనే గుర్తుకు వస్తుంది.

మెడ ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి టీ3, టీ4 అనే హార్మోన్లను స్రవిస్తుంది. శరీరంలోని ప్రతి కణం శక్తిని ఏ వేగంతో వినియోగించుకోవాలో నిర్ణయించేవి ఇవే. మెదడు కూడా ఇందుకు మినహాయింపు కాదు. హార్మోను తగ్గితే దేహంతోపాటు ఆలోచన కూడా మందగిస్తుంది: నీరసం, మతిమరుపు, దిగులు, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, నెలసరిలో తేడాలు కనిపిస్తాయి. హార్మోను ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి, అకారణమైన ఆందోళన, చిరాకు కలుగుతాయి; తిన్నా బరువు తగ్గుతారు. కొందరు తల్లులకు ప్రసవానంతరం కొన్ని నెలలకు ఈ గ్రంథి వాచి, మొదట ఆందోళన, ఆ తరువాత కుంగుబాటు రావచ్చు.

వైద్యలోకం ఈ సంబంధాన్ని గుర్తించి చాలా కాలమైంది. 1949లో లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్, థైరాయిడ్ లోపంతో మతి చలించిన 14 మంది రోగుల వివరాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. థైరాయిడ్ చికిత్సతో వారిలో ఎక్కువమంది కోలుకున్నారు. మన దేశంలో హైదరాబాదుతో సహా 8 నగరాల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉన్నట్లు తేలింది. ఇది పురుషులకూ వస్తుంది. స్త్రీలలో మరింత ఎక్కువ.

అయితే ప్రతి దిగులుకూ థైరాయిడే కారణమని భావించరాదు. టీఎస్‌హెచ్ పరీక్ష సవ్యంగా ఉండి కూడా మనసు కుంగితే అదీ జబ్బే. దానికీ చికిత్స ఉంది. రెండూ కలిసి ఉన్నవారూ ఉన్నారు. మానసిక వ్యాధికి వాడే లిథియం వంటి మందు థైరాయిడ్‌ను మందగింపజేయవచ్చు కనుక వారికి తరచూ పరీక్ష అవసరం. ఏ మందునూ సొంతంగా మానరాదు. తిరుపతి స్విమ్స్‌లో ఎండోక్రినాలజీ విభాగమూ, రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమూ ఉన్నాయి. అంతదూరం వెళ్లలేనివారు 14416 నంబరుకు ఫోన్ చేసి టెలి మానస్ సలహాదారులతో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట ఎవరి నోటనైనా వినబడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.

లోపానికి ఇచ్చే మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ తినరాదు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేసి మోతాదు సరిచూస్తారు. రమజాన్‌లో చాలామంది ఈ మాత్రను వదిలేయడం మేము గమనించాము. ఆ అవసరం లేదు. సహరీకి కనీసం అరగంట ముందుగానీ, ఇఫ్తార్ భోజనమైన మూడు నాలుగు గంటలకు పడుకునే ముందుగానీ వేసుకునే వీలుందేమో వైద్యుణ్ణి అడగాలి. వ్యాధిగ్రస్తులకు ఉపవాసాన్ని ఇతర దినాలకు వాయిదా వేసుకునే సౌలభ్యాన్ని దివ్య ఖుర్ఆనే ప్రసాదించింది.

కుమారుని ఎడబాటులో యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) దుఃఖంతో కంటిచూపునే కోల్పోయారు. ఆయన విశ్వాసాన్ని ఎవరు శంకించగలరు? ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని అవతరింపజేశాడని బోధించిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) చికిత్స చేయించుకొమ్మని ఆదేశించారు. దుఆ, మందు ఒకదానికొకటి పోటీ కావు. కనుక మంచం పట్టిన ఆ కోడలిని నిందించే ముందు, ఆమె చేయి పట్టుకుని పరీక్షకు తీసుకువెళదాం. ఆ అడుగు కూడా ఇబాదతే.