రాయి జడమా?

'రాతిగుండె', 'బండబారిన సమాజం' అంటూ మన కవులు రాయిని జడత్వానికి ప్రతీకగా వాడుతున్నారు. నిజాంపేటలో అపార్టుమెంట్ల కోసం సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు గుండ్లను పగలగొడుతుంటే చూసిన నాకు ఆ ప్రతీక మీద అనుమానం కలిగింది.

బొగ్గు అన్వేషణకై వలసపాలకులు 1851లో నెలకొల్పిన భారత భూవిజ్ఞాన సర్వేలో విలియం కింగ్ ఉద్యోగి. కడప, కర్నూలు కొండల శిలాపొరలకు వరుస నిర్ణయించి 1872లో గ్రంథం వెలువరించాడు. ఆ వరుసలోని వేంపల్లె సున్నపురాళ్లలో ఉల్లిపొరల్లాంటి వంపులుంటాయి. వాటి పేరు స్ట్రొమటొలైట్లు. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు రేణువులను బంధిస్తూ పొరమీద పొరగా కట్టిన దిబ్బలవి. వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. అప్పటికి పగడాలే పుట్టలేదు. అంటే ఆ రాయి జడం కాదు, సామూహిక జీవనచరిత్ర.

ఇల్లెందు దగ్గర 1871లో బొగ్గు కనుగొన్నదీ కింగే. అక్కడి బొగ్గుపొరకు ఆయన పేరు పెట్టారు. దాన్ని తవ్విన కూలీల పేర్లు మనలో ఎందరికి తెలుసు? పరిశీలన శాస్త్రజ్ఞుడిది, ఫలితం ఎవరిదన్నది చరిత్ర వేసే ప్రశ్న. రచయితకు ఈ రెండు చూపులూ కావాలి. వస్తువును దగ్గరగా చూడకుండా వాడిన ప్రతీక, ఎంత అభ్యుదయ కవితలో ఉన్నా, అరువు సరుకే.