కారు స్క్రీను మొరాయిస్తే... షోరూముకు పోయేముందు మనమే చూసుకోదగినవి

తెలుగు సంఘం కార్యదర్శి, కే.జీ.కండిగై

ఒకప్పుడు కారు డాష్‌బోర్డు మీద ఒక రేడియో, దానికి రెండు నాబులు ఉండేవి. ఇప్పుడు అక్కడ పలకంత స్క్రీను వచ్చి కూర్చుంది. పాటలు, ఫోను, దారి చూపే మ్యాపు, వెనక కెమెరా, కొన్ని బళ్లలో ఏసీ కూడా దాని చేతిలోనే ఉన్నాయి. పిల్లలు చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తుంటే ఇక్కడ కారు నడిపేది ఇంటి పెద్దలే. ఆ స్క్రీను ఒక రోజు నొక్కినా పలకదు, లేదా నొక్కిన ఐదు నిమిషాలకు పలుకుతుంది. షోరూముకు పోతే చాలాసార్లు మొదట వినబడేది "యూనిట్ మార్చాలి సార్" అన్న మాట. కొత్త యూనిట్ ఖరీదు వేలల్లో ఉంటుంది. ఆ మాటకు తల ఊపేముందు ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి. అవి వరుసగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్క్రీను వేరు, బండి వేరు

ముందుగా భయం తీరాలి. ఆ స్క్రీను వెనక ఉన్నది ఒక చిన్న కంప్యూటరు. ఇంజను, బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు చూసుకునే కంప్యూటర్లు వేరే ఉంటాయి. కనుక స్క్రీను ఆగిపోయినంత మాత్రాన మనం సాధారణంగా నడిపే బళ్లలో ఇంజను ఆగదు, బ్రేకు పట్టకపోవడం ఉండదు.

ఈ కంప్యూటరును ఒక ఆఫీసు అనుకోండి. గుమాస్తా ముందున్న మేజా దాని తాత్కాలిక జ్ఞాపకం, వెనక బీరువా దాని శాశ్వత జ్ఞాపకం. మేజా మీద ఫైళ్లు పేరుకుపోతే పని నెమ్మదిస్తుంది. బీరువా నిండిపోతే ఒక్క కాగితం వెదకడానికి పూట పడుతుంది. స్క్రీను "లాగ్" అవడమంటే చాలావరకు ఇదే. "రీస్టార్ట్" అంటే మేజాను ఒకసారి ఖాళీ చేసి మళ్లీ పని మొదలుపెట్టడం. బీరువాలోని కాగితాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

దారిలో ఆగిపోతే

తిరుత్తణి నుంచి నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి పోతున్నారు, మధ్యలో మ్యాపు బిగుసుకుపోయింది. అప్పుడు చేయవలసినది ఒక్కటే: స్క్రీనును వదిలేయండి. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో స్క్రీను నొక్కుతూ లారీల మధ్య పోవడం కంటే ప్రమాదం మరొకటి లేదు. పక్కన జాగా చూసి ఆపి, ఆ తరువాతే చేయి పెట్టండి.

అసలు జాగ్రత్త అవసరమైనది వెనక్కు తీసేటప్పుడు. కెమెరాకు అలవాటు పడిన కళ్లు అద్దాలను మరచిపోతాయి. బిగుసుకుపోయిన స్క్రీను ఒక్కోసారి పాత బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. మనమేమో వెనక ఖాళీగా ఉందనుకుంటాం. అమెరికాలో 2002లో కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల పసివాడు ఇంటి ముందే తండ్రి వెనక్కు తీస్తున్న బండి కింద పడి ప్రాణం కోల్పోయాడు. ఆ బిడ్డ పేరుతోనే అక్కడ 2008లో చట్టం వచ్చింది. దాని ఫలితంగా 2018 మే నుంచి అక్కడి కొత్త కార్లన్నింటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారైన కార్లకు వెనక పార్కింగు సెన్సర్లు తప్పనిసరి, కెమెరా కాదు. కొన్ని బళ్లలో ఆ సెన్సరు చప్పుడు వేరే బజరు నుంచి వస్తుంది, కొన్నింటిలో పాటలు వచ్చే స్పీకరు నుంచే వస్తుంది. రెండో రకమైతే స్క్రీనుతో పాటు చప్పుడూ పోవచ్చు. మన వీధులు ఇరుకు, పిల్లలు వాకిళ్లలోనే ఆడుకుంటారు. స్క్రీను బాగయ్యేదాకా వెనక్కు తీసే ప్రతిసారీ ఒక మనిషిని దింపి చూడమనండి. ఎవరూ లేకపోతే మీరే దిగి బండి వెనక ఒకసారి చూసి ఎక్కండి.

తప్పు కారుదా, ఫోనుదా?

ఆండ్రాయిడ్ ఆటో, ఆపిల్ కార్‌ప్లే వాడేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. అప్పుడు స్క్రీను మీద కనబడే బొమ్మ కారుది కాదు, మీ జేబులోని ఫోను తయారుచేసి పంపుతున్నది. కారు దాన్ని చూపించి, మీరు ఎక్కడ నొక్కారో ఫోనుకు తిరిగి చెబుతుంది, అంతే. ఫోను అలసిపోతే స్క్రీను అలసిపోయినట్టే కనబడుతుంది.

పరీక్ష సులువు. కేబులు తీసేయండి, ఫోనులో బ్లూటూత్, వైఫై ఆపేయండి. ఇప్పుడు కారు సొంత రేడియో పెట్టి, సెట్టింగుల పేజీలు అటూ ఇటూ తిప్పండి. అంతా చురుకుగా ఉంటే కారు యూనిట్‌కు ఏ రోగమూ లేదు; చూడవలసినది ఫోను, కేబులు. ఫోను లేకపోయినా నత్తనడకే అయితే తప్పు కారు వైపుంది. ఈ ఒక్క పరీక్షతోనే సగం దారి తెలుస్తుంది.

వరుసగా చేయవలసినవి

ఒకటి, కేబులు. బజారులో దొరికే చాలా కేబుళ్లు చార్జింగుకు మాత్రమే పనికొస్తాయి. ఫోను చార్జి అవుతోంది కదా అని కేబులు మంచిదే అనుకోకండి. ఫోనుతో వచ్చిన పొట్టి కేబులు పెట్టి చూడండి. ఫోను రంధ్రంలో జేబులోని నూలుపోగులు, దుమ్ము చేరి ఉంటే ఫోను ఆపి, పొడి పుల్లతో మెల్లగా తీయండి, సూది వద్దు. ఫోనులోని మ్యాపు తదితర యాప్‌లు పాతబడి ఉంటే అప్‌డేట్ చేయండి.

రెండు, పెన్‌డ్రైవు. ఘంటసాల పాటలు, సుప్రభాతం, పిల్లలు ఎక్కించిన కొత్త పాటలు, పెళ్లి వీడియోలు కలిపి వేల ఫైళ్లున్న పెన్‌డ్రైవులు మన బళ్లలో మామూలే. బండి తీసిన ప్రతిసారీ చాలా యూనిట్లు వాటన్నింటినీ మొదటి నుంచి చదివి జాబితా వేసుకుంటాయి. మధ్యలో చెడిపోయిన ఫైలు ఒక్కటి తగిలినా అక్కడే ఆగిపోవచ్చు. ఇది ఊహ కాదు. 2022 జనవరిలో అమెరికాలోని సియాటిల్‌లో 2014–2017 మోడలు మాజ్డా కార్లు కొన్నింటిలో రేడియో 94.9 స్టేషను దగ్గరే ఇరుక్కుని, స్క్రీను ఆగకుండా రీస్టార్ట్ అవడం మొదలైంది. ఆ స్టేషను పంపిన బొమ్మల ఫైళ్లకు పేరు చివర ఉండవలసిన తోక లేకపోవడమే కారణం. అది ఏ రకం ఫైలో యూనిట్‌కు అర్థం కాలేదు. రేడియో ద్వారా వచ్చిన చిన్న ఫైలే అంత పని చేస్తే మన పెన్‌డ్రైవు సంగతి చెప్పాలా? దాన్ని తీసేసి రెండు రోజులు నడపండి. బాగుంటే పాటలు కొన్నే ఉంచి, వీడియోలు తీసేసి, ఫోల్డర్లుగా సర్ది మళ్లీ పెట్టుకోండి.

మూడు, రీస్టార్ట్. తాళం తీసి మళ్లీ వేస్తే సరిపోదు. చాలా యూనిట్లు పూర్తిగా ఆగవు, కునుకు తీస్తాయి. బండి నిలిపి పవర్ బటను గానీ వాల్యూమ్ నాబ్ గానీ పది నుంచి ఇరవై సెకన్లు వదలకుండా నొక్కి పట్టుకోండి. స్క్రీను నల్లబడి కంపెనీ గుర్తు కనబడితే రీస్టార్ట్ అయినట్టే. కొన్ని మోడళ్లలో దీనికోసం గుండుసూది మొన పట్టేంత రీసెట్ రంధ్రం ఉంటుంది. మీ బండికి ఏ పద్ధతో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటే ఇప్పుడైనా విప్పండి. ఏదీ కుదరకపోతే బండి ఆపి, దిగి, తలుపులు లాక్ చేసి పావుగంట తరువాత తీసి చూడండి.

నాలుగు, పాత ఫోన్ల పేర్లు. అల్లుడి ఫోను, మనవడి ఫోను, ఎప్పుడో వచ్చిన డ్రైవరు ఫోను అన్నీ బ్లూటూత్ జాబితాలో ఉండిపోతాయి. వాటిని తీసేసి, ఇప్పుడు వాడే ఒకటి రెండు మాత్రమే మళ్లీ కలపండి.

ఐదు, బ్యాటరీ. స్టార్టు చేసిన క్షణంలో స్క్రీను ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి వస్తుంటే బ్యాటరీని అనుమానించండి. వారానికొకసారి గుడికి, నెలకొకసారి పెళ్లికి తప్ప కదలని బళ్లలో ఇది ఎక్కువ. బండి ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులు చూపాలి. వీధి చివరి ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి నిమిషంలో చెప్పగలడు. బ్యాటరీ వేసి నాలుగేళ్లు దాటి ఉంటే యూనిట్ కంటే ముందు దాని సంగతే తేల్చుకోండి.

ఆరు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. కొన్ని బళ్లకు గాలిలోనే వస్తుంది, కొన్నింటికి కంపెనీ వెబ్‌సైటు నుంచి పెన్‌డ్రైవులో దింపుకోవాలి, కొన్నింటికి సర్వీస్ సెంటరే చేయాలి. అది జరుగుతున్నంతసేపు కరెంటు పోకూడదు, పెన్‌డ్రైవు తీయకూడదు. సగంలో ఆగితే అంతవరకు నెమ్మదిగానైనా నడిచిన యూనిట్ పూర్తిగా మూగబోవచ్చు. ఇంజను నడిపి చేయమని ఉంటే మూసిన షెడ్డులో కాక బయట పెట్టి చేయండి.

ఏడు, ఫ్యాక్టరీ రీసెట్. ఇది చివరి మందు. బీరువాలోని మన కాగితాలన్నీ తీసేసి కొత్తదానిలా చేస్తుంది. ఫోన్లు, స్టేషన్లు, దాచిన చిరునామాలు పోతాయి. కావలసినవి ముందే రాసి పెట్టుకోండి. కారు అమ్మేటప్పుడు మాత్రం ఇది తప్పక చేయాలి. లేకపోతే మన ఇంటి ఫోను నంబర్లన్నీ కొన్నవారి చేతికి పోతాయి.

మన ఎండలు, మన పూజలు

తమిళనాడులో ఎండలు ముదిరిన రోజుల వార్తల్లో తిరుత్తణి పేరు వేలూరుతో పాటు వినబడుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. బయట 42 డిగ్రీలున్నప్పుడు అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాగవచ్చు. ఎలక్ట్రానిక్ చిప్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అది జబ్బు కాదు. ఫోన్లు ఇంకా సుకుమారం: ఐఫోను వాడవలసిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలని ఆపిల్ కంపెనీయే చెబుతుంది. ఎండలో అద్దం ముందు ఫోను నిలబెట్టి, చార్జింగు పెట్టి, మ్యాపు నడిపితే అది మొరాయించడంలో వింత లేదు.

అందుచేత వేసవిలో నీడన నిలపండి, అద్దానికి అడ్డుపెట్టే అట్ట పెట్టండి. ఎక్కగానే అద్దాలు దించి వేడి గాలి పోనివ్వండి, ఏసీ వేసి ఐదు నిమిషాలు ఆగి మ్యాపు తెరవండి. మధ్యాహ్నం మొరాయించి ఉదయం చక్కగా పనిచేసే స్క్రీనుకు ముందు ఈ వైద్యమే చేయండి.

బొమ్మ బాగుండి, తాకిడి మాత్రమే పట్టకపోతే, లేదా తాకకుండానే తనంత తాను నొక్కుకుంటుంటే పైన అంటించిన గార్డు తీసి చూడండి. మెత్తటి గుడ్డను కొద్దిగా తడిపి తుడవండి, స్ప్రే నేరుగా కొట్టవద్దు. ఆయుధపూజనాడు విభూతి, పసుపు, కుంకుమ స్క్రీనుకు, బటన్లకు పెట్టకండి. ఆ పొడి సందుల్లో దిగి గట్టిపడుతుంది. బొట్టు బానెట్టు మీద పెట్టినా పూజ పూజే.

యూనిట్ నిజంగా అరిగిపోతే

పైవన్నీ చేసినా మారలేదంటే తప్పు లోపలే ఉండవచ్చు. శాశ్వత జ్ఞాపకం చిప్ మీద రాసి చెరపడానికి ఒక లెక్క ఉంది. పలక అరిగినట్టు అదీ అరుగుతుంది. టెస్లా కంపెనీ 2021 ఫిబ్రవరిలో అమెరికాలో సుమారు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కు పిలవవలసి వచ్చింది. వాటిలోని 8 జీబీ చిప్ ఐదారేళ్లలో అరిగిపోయి, స్క్రీనుతో పాటు వెనక కెమెరా కూడా పోవడమే కారణం. అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ దాన్ని సౌకర్యం కింద కాక భద్రత కింద లెక్క వేసింది. మనమూ అలాగే చూడాలి.

సర్వీస్ సెంటరుకు ఉత్త చేతులతో పోకండి. ఒక కాగితం మీద తేదీ, వేళ, ఎండ ఎలా ఉంది, ఫోను కలిపి ఉందా లేదా, అప్పుడు ఏం నడుస్తోంది అని నాలుగైదు సార్ల వివరం రాసి తీసుకువెళ్లండి. స్క్రీను ఆగినప్పుడు పక్కన కూర్చున్నవారి చేత వీడియో తీయించండి. అక్కడికి పోయేసరికి స్క్రీను బుద్ధిమంతుడిలా పనిచేయడం అందరికీ ఎదురయ్యేదే. ఫిర్యాదును జాబ్ కార్డులో రాయించి నకలు తీసుకోండి. వారంటీ ఉండగా రాయించినది, వారంటీ అయిపోయాక అదే లోపం మళ్లీ వస్తే మన పక్షాన నిలిచే సాక్ష్యం. యూనిట్ మార్చాలంటే మూడు అడగండి: ఫ్యూజు, వెనక కనెక్టరు చూశారా? సాఫ్ట్‌వేర్ కొత్తది వేసి చూశారా? బోర్డు మాత్రమే బాగుచేయడానికి వీలుందా? బయట షాపులో వేయించుకునేవారు కారు వైర్లు కోయకుండా కప్లరుతో బిగించమని గట్టిగా చెప్పండి. వైరు కోస్తే వారంటీకి చిక్కు వస్తుంది.

కాలిన వాసన వచ్చినా, లోపలికి నీరు పోయినా రీస్టార్ట్‌లు పెట్టకుండా వెంటనే బండి ఆపి మెకానిక్‌ను పిలవండి.

న్యాయం జరగలేదనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడ తెలుగులోనే చెప్పుకోవచ్చు, తమిళంలోనూ చెప్పుకోవచ్చు. జాబ్ కార్డు, బిల్లు, మీరు రాసిన కాగితం దగ్గర పెట్టుకుని ఫోను చేయండి.