విమానానికే గొడుగు!

గ్లైడర్‌ గద్దలాంటిది. వేడెక్కి పైకి లేచే గాలిలో గిరికీలు కొడుతూ ఎత్తుకు ఎగబాకుతుంది. ఒకేచోట నాలుగైదు గ్లైడర్లు అలా తిరుగుతున్నప్పుడు ఒకదాని రెక్క మరోదానికి తగిలిందంటే... ప్రమాదమే! పైలట్‌ వీపున పారాచూట్‌ ఉంటుంది నిజమే. కానీ తలపైనున్న మూత తోసేసి, బెల్టు విప్పుకుని, గింగిరాలు తిరుగుతున్న గ్లైడర్లోంచి దూకాకే కదా దాన్ని తెరవాలి. అంత సమయమేదీ?

అందుకే మొత్తం విమానాన్నే దించే పారాచూట్లు వచ్చాయి. అమెరికాకు చెందిన బోరిస్‌ పోపోవ్‌ 1975లో హ్యాంగ్‌గ్లైడర్‌తో సహా 400 అడుగుల ఎత్తు నుంచి పడీ బతికాడు. ఇలాంటి పారాచూట్ల తయారీకి 1980లో ఏకంగా కంపెనీయే పెట్టాడు.

సీట్లోంచి కదలక్కర్లేదు. పిడి లాగితే చాలు, చిన్న రాకెట్‌ పారాచూట్‌ను బయటికి లాక్కెళ్తుంది. మోటార్‌గ్లైడర్‌ అయితే ముందు ఇంజిన్‌ ఆపాలి. లేదంటే ప్రొపెల్లర్‌కు తాళ్లు చిక్కుకోవచ్చు. స్లొవేనియా కంపెనీ పిపిస్ట్రెల్‌ రూపొందించిన టారస్‌లో ఈ ఏర్పాటు ఉంది. జర్మనీలో అతి తేలికపాటి విమానాలకైతే ఇది తప్పనిసరి.

అయితే నేలకు మరీ దగ్గరికొచ్చేశాక లాగితే పారాచూట్‌ విచ్చుకునే వ్యవధి ఉండదు. విమానాన్ని కాపాడుకుందామని తటపటాయిస్తే ఆ క్షణాలే ప్రాణం మీదికి తెస్తాయి. విమానం పాడైతే మరోటి కొనుక్కోవచ్చు. ప్రాణమో..?