కుక్కకు పచ్చిమాంసం పెట్టబోయే ముందు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)

ఇవాళ నేను చెప్పబోయే విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. "మనుషుల తిండి సంగతే తేలక మేం సతమతమవుతుంటే, కుక్క తిండి మీద ప్రసంగమా?" అంటారేమో. కాని కుక్కను పెంచుకోవాలన్న ముచ్చట పిల్లలదైనా, వేళకు దానికింత పెట్టే పని మాత్రం తల్లిదే గదా! అందుచేత ఈ మాట మనం మనం మాట్లాడుకోవలసిందే.

వెనక మన ఇళ్లల్లో కుక్కకంటూ వేరే వంట ఉండేది కాదు. మిగిలిన పెరుగన్నమో, చారన్నమో ఒక మూల పెట్టేవాళ్లం. ఇప్పుడు చాలామంది కుక్కకు పచ్చిమాంసమే పెట్టాలంటున్నారు. 1993లో ఆస్ట్రేలియాలో ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే పశువైద్యుడు కుక్కలకు పచ్చి ఎముకలు, పచ్చిమాంసం మంచివని ఒక పుస్తకం రాశాడు. ఆ తరవాత ఈ పద్ధతి చాలా దేశాలకు పాకింది. "కుక్క తోడేలు జాతిది. అడవిలో తోడేలుకు ఎవరు వండి పెడుతున్నారు?" అన్నది వారి వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. మేమూ విన్నాం, నమ్మాం.

మా అబ్బాయి రెండు నెలల కుక్కపిల్లను తెచ్చాడు. చంటి అని పేరు పెట్టుకున్నాం. ఖరీదుకు వెనకాడకుండా ఎముక లేని మెత్తని మాంసం కొనుక్కొచ్చి, పచ్చిగానే ముక్కలు కోసి పెట్టేవాళ్లం. అన్నం మెతుకు ముట్టనిచ్చేవాళ్లం కాదు. బొచ్చు నిగనిగలాడుతుంటే ఎంతో మురిసిపోయాం. రెండు నెలలు గడిచాయి. ఒకరోజు వాడు కుర్చీ మీదినుంచి దూకి కుయ్యోమన్నాడు. ఆ తరవాత నడక కుంటుపడింది. ఎత్తుకోబోతే ఏడుపు. ముందుకాళ్లు వంకరపోతున్నాయి.

పశువైద్యుడు ఎక్స్‌రే తీయించి చూశాడు. "వీడికి ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగాడు. "మాంసం తప్ప ఇంకేమీ పెట్టడం లేదండీ," అన్నాను గొప్పగా. "అదేనమ్మా వీడి జబ్బు," అన్నాడాయన. నా గొప్పంతా అక్కడితో దిగిపోయింది.

ఆయన చెప్పిన కారణం మీకూ చెబుతాను. ఎముకలు గట్టిపడాలంటే సున్నం, అంటే కాల్షియం కావాలి. భాస్వరం కూడా కావాలి. కుక్క తిండిలో భాస్వరం ఒక పాలుంటే కాల్షియం కనీసం ఒక పాలు ఉండాలి, రెండు పాళ్లకు మించకూడదు. ఎముక లేని మాంసం వంద గ్రాముల్లో భాస్వరం సుమారు 200 మిల్లీగ్రాములుంటే, కాల్షియం సుమారు 10 మిల్లీగ్రాములే ఉంటుంది. నెల జీతం చాలనప్పుడు మనం ఏం చేస్తాం? పెట్టెలో దాచుకున్నది తీసి ఖర్చు పెడతాం. ఒళ్లు కూడా అంతే. రక్తంలో కాల్షియం తగ్గగానే ఎముకల్లో దాచినది తీసి వాడుకుంటుంది. ఎదిగే పిల్లకు దాచుకున్నదే తక్కువ. అందుకని ఎముకలు పలచనై వంగిపోతాయి, విరుగుతాయి కూడా.

తోడేలు మాటకొస్తే, అది వేటాడిన జంతువు మెత్తని కండ ఒక్కటే తిని ఊరుకోదు. ఎముకలూ, కార్జమూ, లోపలి భాగాలూ అన్నీ తింటుంది. పైగా కుక్క ఇప్పుడు అచ్చంగా తోడేలు కాదు. వేల ఏళ్లుగా మనిషి గుమ్మంలో బతికి, మనిషి తిండికి అలవాటు పడింది. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేళ్లలో కన్నా కుక్కల్లో ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. మన పెరుగన్నం అంత కాని తిండేమీ కాదన్న మాట. అలాగని వట్టి పెరుగన్నంతో సరిపెట్టడమూ న్యాయం కాదు. అందులో మాంసకృత్తులు చాలవు.

ఇంతవరకు కుక్క సంగతి. ఇక ఇంట్లో మనుషుల సంగతి. నన్ను నిజంగా భయపెట్టింది ఇదే.

మాంసం కొట్లో అడిగితే మేక, గొర్రె ఊపిరితిత్తులూ, పారేసే కార్జం ముక్కలూ ఊరికే ఇస్తారు. "కుక్కకే గదా" అని తెచ్చి పచ్చిగా పడేస్తాం. వాటిలో ఒక్కొక్కప్పుడు నీటితిత్తులు ఉంటాయి. అవి ఒకరకం బద్దెపురుగు పిల్లలకు నిలయం. కుక్క వాటిని తింటే దాని పేగుల్లో ఆ పురుగులు పెరుగుతాయి. పొడవు కొన్ని మిల్లీమీటర్లే కనుక మన కంటికి ఆనవు, కుక్కకూ జబ్బు చేసినట్టు కనిపించదు. కాని వాటి గుడ్లు మలంతో బయటపడి బొచ్చుకు అంటుకుంటాయి. పిల్లవాడు కుక్కను ముద్దాడి, చెయ్యి కడుక్కోకుండా అన్నం తిన్నాడనుకోండి, గుడ్లు కడుపులోకి పోతాయి. తరవాత వాడి కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో అటువంటి నీటితిత్తులే లేస్తాయి. ఏళ్ల తరబడి తెలియకుండా పెరుగుతాయి. తెలిసేసరికి ఒక్కొక్కప్పుడు ఆపరేషన్ దాకా వస్తుంది. ఇది ఎక్కడో పరాయిదేశపు జబ్బు కాదు. మన దేశంలో ఎక్కువగా కనిపించే చోట్లలో ఆంధ్ర, తమిళ ప్రాంతాలున్నాయి.

కంటికి కనబడని సూక్ష్మజీవులు మరోవైపు. అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ 2010 నుంచి 2012 వరకు దుకాణాల్లో అమ్మే పెంపుడు జంతువుల పచ్చి ఆహారాన్ని పరీక్షించింది. 196 నమూనాలలో 15టిలో సాల్మొనెల్లా, 32టిలో లిస్టీరియా దొరికాయి. ఫ్రీజరులో పెట్టాం గదా అంటే లాభం లేదు. చలికి ఇవన్నీ చావవు. కుక్క తట్టుకోవచ్చు. కాని దాని గిన్నె కడిగే మనకూ, పాకే పసిపాపకూ, ముసలివారికీ, గర్భిణీలకూ అది ముప్పే. 2012లో అమెరికా పశువైద్య సంఘం వండని మాంసం పెట్టవద్దని సలహా ఇచ్చింది.

"ఇంత విన్నా మేం పచ్చిమాంసమే పెడతాం" అనే వారికి నాలుగు జాగ్రత్తలు చెబుతాను. కుక్కపిల్లకూ, చూలుకుక్కకూ, జబ్బుకుక్కకూ ఆ తిండి వద్దు. పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. పశువైద్యుణ్ణి అడిగి, ఏవి ఎంతెంత కలపాలో రాయించుకోండి. ఒక్కరోజులో తిండి మార్చకండి. మొదటి రెండు మూడు రోజులు కొత్తది పావువంతు, ఆపైన సగం, తరవాత ముప్పావువంతు, ఇలా వారం పది రోజుల్లో మార్చండి. విరేచనాలు పట్టుకుంటే ఆగండి. నిదానమే ప్రధానం. పందిమాంసం పచ్చిగా ముట్టనివ్వకండి. కోడిని పంపు కింద కడగకండి, ఆ తుంపరలు పక్కనున్న కూరగాయల మీద పడతాయి. దాని కత్తీ, పలకా, గిన్నే వేరే పెట్టుకోండి. తినగా మిగిలింది వెంటనే తీసెయ్యండి. పురుగుల మందన్నా అన్నీ ఒకటి కావు. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కావాలి. ఎన్నాళ్లకొకసారి వెయ్యాలో డాక్టరును అడగండి.

మా ఇంట్లో మాత్రం మాంసం ఉడికించే పెడుతున్నాం. ఉప్పూ మసాలా లేకుండా, ఉల్లీ వెల్లుల్లీ అసలు తగలకుండా ఉడికించి, అన్నమూ కాసిని కూరముక్కలూ కలిపి, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం కాల్షియం వేస్తున్నాం. సొంత లెక్కన వెయ్యకండి, ఎక్కువైనా చెరుపే. కార్జం కొద్దిగానే పెడతాం, ఎక్కువైతే విటమిన్ ఎ మితిమీరుతుంది. మన కూరలో ఉడికిన ఎముకలు మాత్రం వెయ్యం. ఉడికిన ఎముక సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఈ వంట శ్రమ పడలేని వాళ్లు బజారులో దొరికే సమతుల ఆహారం పెట్టినా తప్పేమీ లేదు. కొనేటప్పుడు అది కుక్క వయసుకు తగిన సంపూర్ణాహారమని పొట్లం మీద ఉందో లేదో చూసుకోండి.

చంటి కొన్ని నెలలకు కోలుకున్నాడు. ఎముకలు గట్టిపడ్డాయి. ముందు కుడికాలు మాత్రం ఇప్పటికీ కాస్త వంకరే. పొద్దున్నే గిన్నె చప్పుడు వినగానే ఆ కాలుతోనే గబగబా పరుగెత్తుకొస్తాడు. చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. నోరులేని జీవం, మనం ఏది పెడితే అది తింటుంది, ఇది నాకు చాలదమ్మా అని చెప్పలేదు. కనుక ఎవరో చెప్పారని తిండి మార్చేముందు, దానికి ఏమేం కావాలో మనమే అడిగి తెలుసుకోవాలి.