పాత యానిమల్ రోబో బొమ్మ కొంటున్నారా? తిప్పి చూసే ముందు ఇది తెలుసుకోండి!

గొరిల్లా బొమ్మను నాలుగు మలుపులు తిప్పితే రోబో. డైనోసార్‌ని మడిచినా రోబోనే! చిన్నప్పుడు ఆడుకున్న ఈ బొమ్మల్ని ఇప్పుడు పెద్దయ్యాక వెతికి మరీ కొంటున్నారు. అయితే ఇక్కడే ఓ చిక్కుంది.

అమెరికా కంపెనీ హాస్‌బ్రో, జపాన్‌కు చెందిన టకారా బొమ్మలతో 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ తెచ్చింది. 1985లో డైనోబాట్స్ వచ్చాయి. 1996లో బీస్ట్ వార్స్‌తో గొరిల్లా, చిరుత, ఎలుక కూడా రోబోలయ్యాయి.

సమస్య ఏంటంటే.. 80ల చివర్లో, 90ల్లో కొన్ని బొమ్మలకు బంగారు రంగు మెరుపు కలిపిన ప్లాస్టిక్ వాడారు. ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసెక్కుతుంది. సీల్ తీయని డబ్బాలో ఉన్నా సరే! తిప్పగానే కీలు దగ్గర ముక్కలైపోతుంది. దీన్నే కలెక్టర్లు 'గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్' అంటారు.

ఎలా గుర్తుపట్టాలి?
పైన వేసిన బంగారు పెయింట్ అయితే ఈ భయం లేదు. ప్లాస్టిక్ లోపలే మెరిసే చారలు, సుడులు కనిపిస్తే జాగ్రత్త.

ఆన్‌లైన్‌లో కొంటుంటే..
అలాంటి బొమ్మను 'ఒకసారి రోబోగా మార్చి చూపించండి' అని అడగొద్దు. కీళ్ల దగ్గరి ఫొటోలు అడగండి. తుపాకీ, మిస్సైల్ లాంటి చిన్న భాగాలు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ధర తగ్గించమనండి.

ఎక్కడ పెట్టాలి?
ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం వైపు ఎండలు తెలిసినవేగా! రేకుల గదిలో, కిటికీ పక్కన వద్దు. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరుగుతుంది.

మీ చిన్నప్పటి బొమ్మలో ఆ బంగారు చారలు కనిపిస్తే, ఉన్న రూపంలోనే ఉంచండి. పిల్లలకు చూపించండి. తిప్పడం మాత్రం వద్దు!