పాట ఎవరిని చూపిస్తోంది?

పర్ణశాలల పండుగ దగ్గర పడింది. దేశం నలుమూలల నుంచీ జనం యెరూషలేముకు తరలి వెళ్తున్నారు. అప్పుడు యేసుప్రభువుకు ఆయన సోదరులు ఒక సలహా ఇచ్చారు. పేరు రావాలనుకునే వాడెవడూ మారుమూలన కూర్చుని పని చేయడనీ, ఇంత గొప్ప కార్యాలు చేస్తున్నవాడు యూదయకు వెళ్లి తానెవరో లోకానికి తెలిసేలా చూసుకోవాలనీ వాళ్లన్నారు (యోహాను 7:3,4). లోకరీతిగా చూస్తే ఆ మాటలో తప్పేమీ లేదు. ఈనాటి ఏ ప్రచార నిపుణుడైనా అదే చెబుతాడు. కాని, వాళ్లకు ఆయనపై విశ్వాసం లేదు గనుకనే అలా అన్నారని యోహాను ఆ వెంటనే రాశాడు (7:5). మంచి సలహాలా కనిపించే మాట వెనుక అవిశ్వాసం ఎలా దాగి ఉంది? పాటల వీడియోలు తీసేవారూ, వాటిని చూసి ఆనందించే మనమూ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఒకప్పుడు కొత్త పాట సంఘానికి గాయక బృందం ద్వారా వచ్చేది. తరువాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి. ఈ రోజుల్లో పాట అంటే ముందుగా వీడియోయే. క్రిస్మస్ దగ్గర పడుతుంటే చాలు, కొత్త పాటల ప్రకటనలు సెల్‌ఫోన్లలో వరుస కడతాయి. వినడం కన్నా చూడడం ముందుకొచ్చింది.

అసలు ఈ వీడియోలు ఎందుకు పుట్టాయి? 1966లో బీటిల్స్ బృందం తమ కొత్త పాటలకు చిన్న చిన్న ఫిలిములు తీయించి టీవీ కార్యక్రమాలకు పంపింది. ప్రతిచోటికీ స్వయంగా వెళ్లి పాడే శ్రమ తప్పించుకోవడమే దాని ఉద్దేశం. 1975లో క్వీన్ బృందం ‘బొహీమియన్ రాప్సొడీ’ పాటకు తీసిన వీడియో బ్రిటన్ టీవీలో ప్రసారమై పాటను ఇంటింటికీ చేర్చింది. ఆ పాట అక్కడ తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలయ్యాక పాటల వీడియోలకు ఏకంగా ఒక చానలే దొరికింది. 1983 డిసెంబరులో వచ్చిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ దాదాపు 14 నిమిషాల చిన్న సినిమా. ఏడాది క్రితమే విడుదలైన ఆల్బం దానితో మళ్లీ జోరుగా అమ్ముడుపోయింది. మన తెలుగిళ్లలోనూ శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి చూసి, ఆ పాట ఉన్న సినిమాకు వెళ్లిన తరం ఉంది.

వీటన్నిటిలో వీడియో పని ఒక్కటే. గాయకుడు వెళ్లలేని చోటికి అతని ముఖాన్ని పంపడం, ఆ ముఖాన్ని జనం మరచిపోకుండా చూడడం. వ్యాపారంలో అది న్యాయమైన పనే. పాడేవాడు ఎవరో తెలియకపోతే అతని పాటను ఎవరు కొంటారు? చిక్కంతా ఆ పనిముట్టును దేవుని మందిరంలోకి తెచ్చుకున్నప్పుడు మొదలవుతుంది. అక్కడ పాడేవాడు తెలియడం ముఖ్యం కాదు, ఎవరిని గురించి పాడుతున్నాడో ఆయన తెలియడం ముఖ్యం.

అలాగని వీడియోలే వద్దనడం అవివేకం. దీపాన్ని వెలిగించి కుంచం కింద దాచమని ప్రభువు చెప్పలేదు, దీపస్తంభం మీద పెట్టమన్నాడు (మత్తయి 5:15). గల్ఫ్ దేశాల్లో ఇళ్లల్లో పనిచేస్తున్న మన ఆడపడుచులకు ఆదివారం సెలవు దొరకదు. ఆసుపత్రి మంచం మీద ఉన్నవారు మందిరానికి రాలేరు. పాటల పుస్తకం కొనుక్కోలేనివారు తెర మీద కనిపించే అక్షరాలను చూసి గొంతు కలుపుతున్నారు. చెవులు వినిపించని పెద్దలు పాటను కళ్లతో చదువుకుంటున్నారు. ఇదంతా దీపస్తంభం చేస్తున్న సేవే. అయితే దీపస్తంభాన్ని చూడటానికి ఎవరూ రారు, దాని మీది వెలుగు కోసం వస్తారు. మన మంచి పనులు చూసిన జనం పరలోకపు తండ్రిని కొనియాడాలన్నదే ఆ ఉపమానం ముగింపు (5:16).

నాకు తెలిసిన ఒక యువకుడి సంగతి చెబుతాను. అతనిది చిన్న పల్లెటూరి సంఘం. తండ్రి జబ్బుతో మంచాన పడి ఉన్న రోజుల్లో ఆ మంచం పక్కనే కూర్చుని నాలుగు చరణాల పాట రాశాడు. ఆదివారం డోలక్ మీద పాడి వినిపిస్తే నెల తిరిగేసరికి సంఘమంతా నేర్చుకుంది. ఎవరో దీన్ని వీడియో చేయమన్నారు. భార్య గాజులు తాకట్టు పెట్టాడు. పట్నంలో రికార్డింగు, సముద్రపు ఒడ్డున రెండు రోజుల షూటింగు, డ్రోన్ కెమెరా, మూడు జతల కొత్త బట్టలు. పాట పొడవైందని రెండు చరణాలు తీసేశారు. తండ్రి బాధను చూస్తూ రాసుకున్న చరణం అందులో పోయింది. సముద్రపు ఒడ్డున దానికి తగిన దృశ్యం కుదరలేదట.

విడుదలయ్యాక రోజుకు పదిసార్లు ఫోను తెరిచి ఎంతమంది చూశారో లెక్క చూసుకునేవాడు. అంకె అనుకున్నంతగా పెరగలేదు. దేవుడు తన పాటను అంగీకరించలేదేమోనని కుమిలిపోయాడు. ఆదివారం గాయక బృందంలో నిలబడడం మానేశాడు. ఒక రాత్రి సంఘంలో ఒక ముసలమ్మ చివరి ఘడియల్లో ఉందని కబురొస్తే పాస్టరుగారితో కలిసి వెళ్లాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, “ఆ పాట పాడు బాబూ, మీ నాన్న మంచం పక్కన రాశావే, ఆ చరణం” అంది. ఆమె ఆ వీడియో చూడలేదు. ఆ ఇంట్లో అలాంటి ఫోనే లేదు. అతను పాడుతుంటే గొంతు పెగలక ఆమె పెదవులు మాత్రం కదిలాయి. తెల్లవారుజామున ఆమె ప్రభువులో నిద్రించింది. ఆ తరువాతి ఆదివారం అతను తిరిగి బృందంలో నిలబడ్డాడు. గాజులు విడిపించుకోవడానికి మాత్రం ఇంకో ఏడాదిన్నర పట్టింది.

ఆ యువకుణ్ణి ఒక్కడినే తప్పు పట్టడం న్యాయం కాదు. సభలకు అతిథులను పిలిచేటప్పుడు ఎంత భక్తి ఉందని అడగకుండా, వారి వీడియోను ఎన్ని లక్షలమంది చూశారని అడుగుతున్నది మనమే. అంకెను ఆశీర్వాదానికి కొలబద్ద చేసింది సంఘమే. అతను ఆ కొలబద్దతో తనను తాను కొలుచుకున్నాడు, అంతే.

కళ్లకు చూపించే సాధనం ఎప్పుడు గాడి తప్పుతుందో చెప్పే సంగతి ఒకటి బైబిలులో ఉంది. అరణ్యంలో పాముకాటుకు గురైన ఇశ్రాయేలీయులు బ్రతికేందుకు ఇత్తడి సర్పాన్ని చేసి స్తంభం మీద పెట్టమని దేవుడే మోషేకు ఆజ్ఞాపించాడు (సంఖ్యా 21:8,9). చూసినవాళ్లు బ్రతికారు. అది దేవుడు నియమించిన సాధనమే. కాని కొన్ని తరాలు గడిచేసరికి ప్రజలు దానికే ధూపం వేయసాగారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు (2 రాజులు 18:4). ఇత్తడి మారలేదు, సర్పం ఆకారం మారలేదు. చూసేవారి చూపు మాత్రం దేవుని వరకు వెళ్లకుండా ఇత్తడి దగ్గరే ఆగిపోయింది. పాట చూసినవారి చూపు కూడా పాడే ముఖం దగ్గర, ఖరీదైన దుస్తుల దగ్గర, కొండల మీద ఎగిరే కెమెరా పనితనం దగ్గర ఆగిపోతే అది కూడా ఇత్తడి సర్పమే.

జర్మనీకి చెందిన సంగీతకారుడు బాక్ తన ఆరాధన సంగీతపు ప్రతుల చివర చాలాచోట్ల మూడు అక్షరాలు రాసుకునేవాడు. దేవునికి మాత్రమే మహిమ అని వాటి అర్థం. అవి వినేవారి కోసం రాసినవి కావు, రాసుకున్నవాడికి హెచ్చరిక. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను తరతరాలుగా తెలుగు సంఘాలు పాడుకుంటున్నాయి. ఆయన ముఖం ఎలా ఉంటుందో పాడేవారిలో ఎంతమందికి తెలుసు? ముఖం తెలియకపోయినా పాట బ్రతికే ఉంది. ఎందుకంటే అది కట్టెల పొయ్యి దగ్గరా, పొలం గట్టు మీదా, సమాధి దగ్గరా పాడుకోవడానికి పనికొచ్చింది.

కాబట్టి వీడియో తీసే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవడం మంచిది. బొమ్మ తీసేస్తే ఈ పాట నిలబడుతుందా? సంఘంలోని పిల్లలూ, ముసలివాళ్లూ దీన్ని పాడగలరా? అక్షరాలు తెర మీద స్పష్టంగా కనిపిస్తున్నాయా? పాట రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు గాయకుడి పేరుతో సమానంగా వేశామా? తబలా వాయించినవారికీ, ఎడిటింగు చేసినవారికీ కూలి చెల్లించామా? పనివాడు జీతానికి పాత్రుడని ప్రభువే చెప్పాడు (లూకా 10:7). ‘దేవుని పని’ అని చెప్పి వాళ్ల కష్టం ఎగ్గొట్టడం దేవుని పని కాదు. అప్పు చేసి, ఇంటివాళ్లను ఇబ్బంది పెట్టి తీయవలసినంత అవసరం ఉందా? సంఘంలో ఒకరి ఫోనుతో తీసినా పాట పాటే.

ఇక యేసు ప్రభువు సోదరుల సలహా సంగతి. ఆయన వాళ్లు చెప్పిన వేళకు, వాళ్లు చెప్పిన ఆర్భాటంతో వెళ్లలేదు. తరువాత రహస్యంగా వెళ్లాడు (యోహాను 7:10). పండుగ సగంలో దేవాలయంలో బోధించాడు. తన సొంత మాట చెప్పుకునేవాడు తన ఘనతనే వెదుక్కుంటాడనీ, తన్ను పంపినవాని ఘనత కోరేవాడే సత్యవంతుడనీ అక్కడే చెప్పాడు (7:18). చివరి రోజున అంత జనం మధ్య నిలబడి, దాహంతో ఉన్నవారిని బిగ్గరగా పిలిచాడు (7:37). అంటే ఆయన దాక్కోలేదు, గొంతు తగ్గించలేదు. ఆ పిలుపు జనానికి నీళ్లివ్వడానికే గాని చప్పట్ల కోసం కాదు. సోదరులు చూడలేకపోయిన తేడా అదే.

మన పాటకు కెమెరా ఉండవచ్చు, వెలుగులు ఉండవచ్చు, లక్షలమంది చూడవచ్చు. అది ముగిశాక చూసినవాడికి దాహం తీరే చోటు తెలిసిందా లేక మన ముఖం మాత్రమే గుర్తుందా? ఆ లెక్క ఏ తెర మీదా కనిపించదు. కాని దేవుని దగ్గర అది ఉంది.